మన మాట మనమే చెప్పుకున్న చరిత్ర: కుల పంచాయతీ నుంచి కుటుంబ న్యాయస్థానం దాకా

వకీలు లేకుండా కోర్టులో నిలబడి తన కేసు తానే చెప్పుకునే మనిషిని కోర్టు వాళ్లు ‘పార్టీ ఇన్ పర్సన్’ అంటారు. మన తాతముత్తాతలకు ఈ మాట వినిపిస్తే వింతగా తోచేది. తన ఇంటి తగాదా తాను చెప్పుకోవడానికి వేరే పేరెందుకని అడిగేవారు. డబ్బిచ్చి ఇంకొకరి చేత చెప్పించుకోవడమే వారికి కొత్త.

ఈ రోజు మన గూడేల నుంచి, తండాల నుంచి పట్నాలకు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిన యువతీ యువకుల్లో పెళ్లి, విడాకులు, మనోవర్తి, పిల్లల పోషణ కేసుల్లో కోర్టు మెట్లు ఎక్కుతున్నవారు ఉన్నారు. వారి వెంట వచ్చే అమ్మానాన్నలకు కోర్టు భాష తెలియదు. వకీలు ఫీజు కట్టే స్తోమత అందరికీ ఉండదు. అందుకే ఈ సంచికలో మన యువత కోసం ఒక చరిత్ర చెప్పదలచుకున్నాం. మన మాట మనం చెప్పుకునే హక్కు ఎక్కడ మొదలైంది, ఎక్కడ చేజారింది, చట్టంలోకి తిరిగి ఎలా వచ్చింది, దాన్ని ఎలా వాడుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

పెద్దల ముందు మాట

ఆదివాసీ సమాజాల్లో తీర్పు చెప్పే చోటు ఎప్పుడూ ఊరి మధ్యలోనే ఉండేది. గోండుల్లో గ్రామ పటేల్, ఆ పైన రాయి సెంటర్ల సార్‌మేడీలు, బంజారా తండాల్లో నాయక్, కార్బారి, డావ్, కోయ గూడేల్లో కుల పెద్దలు. పేర్లు వేరైనా పద్ధతి ఒకటే. ఇరువైపుల వారూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఎవరి బాధ వారు చెబుతారు. సాక్షులంటే వేరే ఎవరో కాదు, ఆ పెళ్లికి వచ్చి భోజనం చేసిన వాళ్లే. ఓలి ఎంత ఇచ్చారో, ఎవరు ఎవరిని వదిలి వెళ్లారో ఊరందరికీ తెలుసు. కాగితం అవసరం రాలేదు.

ఆలుమగలు విడిపోవడానికి కూడా దారి ఉండేది. విశాఖ, గోదావరి ఏజెన్సీల్లోని కొన్ని తెగల్లో పెళ్లయిన స్త్రీ మొదటి భర్తను వదిలి మరొకరిని చేసుకుంటే, కొత్త భర్త పాత భర్తకు ‘మగనాలి తప్పు’ పేరుతో పరిహారం కట్టేవాడు. పెద్దలు లెక్క తేల్చేవారు, తగాదా అక్కడితో ముగిసేది. మైదానంలో అగ్రవర్ణాల ఆడవాళ్లకు విడాకులన్న మాటే లేని రోజుల్లో మన ఆడవాళ్లకు విడిపోవడానికీ, మళ్లీ పెళ్లి చేసుకోవడానికీ ఆచారం ఒప్పుకుంది. ఇది మనం గర్వంగా చెప్పుకోదగిన విషయం.

అయితే గర్వంతో పాటు నిజమూ చెప్పుకోవాలి. ఆ పంచాయతీల్లో కూర్చున్న పెద్దలు దాదాపు అందరూ మగవాళ్లే. ఆడమనిషి మాటను చాలాచోట్ల ఆమె తండ్రో, అన్నో చెప్పేవాడు. అంటే ‘తన మాట తానే చెప్పుకోవడం’ అన్న మన సంప్రదాయం సగం మందికే పూర్తిగా దక్కింది. ఈ సంగతి ఈ వ్యాసంలో మళ్లీ వస్తుంది.

రంప నేర్పిన పాఠం

మన చరిత్రలో కోర్టు అన్న మాట మంచి రూపంలో రాలేదు. 1879లో గోదావరి కొండల్లో లేచిన రంప తిరుగుబాటు గురించి మనలో చాలామంది విన్నాం. మన్సబుదారు దోపిడీ, కల్లు మీద పన్ను, పోలీసుల వేధింపులు దానికి కారణాలని చదువుకున్నాం. అంతగా చెప్పుకోని మరో కారణం కోర్టు డిక్రీలు.

మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కొండవాళ్లకు అప్పులు ఇచ్చి, వాళ్లకు అర్థం కాని ఒప్పందాలు రాయించుకునేవారు. ఆ తర్వాత దిగువనున్న కోర్టులో దావా వేసేవారు. సమన్లు ఏమిటో కొండవాడికి తెలియదు. తెలిసినా అడవి దాటి, జ్వరాల కాలంలో నడిచి, తెలియని ఊళ్లో, తెలియని భాషలో జవాబు చెప్పుకోవాలి. అతను వెళ్లలేదు. కోర్టు ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేది. ఒక రోజు బంట్రోతులు వచ్చి పశువులనూ, ధాన్యాన్నీ తోలుకుపోయేవారు. ఎందుకు పోయాయో కూడా ఆ ఇంటివారికి అర్థమయ్యేది కాదు. తిరుగుబాటు కారణాలపై ప్రభుత్వం చేయించిన విచారణలో ఈ డిక్రీల సంగతి బయటపడింది.

ఇందులో మనకు పాఠం ఒకటుంది. ఆ రోజు మనవాళ్లు వాదనలో ఓడిపోలేదు. వాదన వినిపించే చోటికి వెళ్లలేకపోవడం వల్ల ఓడిపోయారు. ‘ఎక్స్‌పార్టీ’ అన్న ఆ మాట 1879లో ఎంత ప్రమాదమో నేడూ అంతే ప్రమాదం.

ఇలాంటి పరిస్థితుల వల్లే కొండ ప్రాంతాలకు వేరే పాలన పెట్టారు. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను అంతకుముందే, 1839 చట్టంతో, మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరును ప్రభుత్వ ఏజెంటుగా నియమించారు. మనం నేటికీ వాడే ‘ఏజెన్సీ’ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం, దాని కింద 1924లో ఏజెన్సీ రూల్స్ వచ్చాయి. సివిల్ తగాదాలు వినే అధికారం రెవెన్యూ అధికారుల చేతికి వచ్చింది. నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగిన తర్వాత హైమెండార్ఫ్ అధ్యయనాలు జరిగాయి. 1356 ఫసలీలో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. రెండు వైపులా ప్రభుత్వాలు ఆలస్యంగా గ్రహించింది ఒకటే. మైదానపు కోర్టు పద్ధతిని ఉన్నది ఉన్నట్టు కొండ మీదికి తెస్తే న్యాయం జరగదు.

చట్టం మనల్ని పక్కన ఉంచిన చోటు

స్వాతంత్ర్యం తర్వాత 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. అందులో 2వ సెక్షన్‌లోని రెండో ఉపవిభాగం మన యువత తప్పక తెలుసుకోవలసినది. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని అది చెబుతుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనూ ఇలాంటి మాటే ఉంది. అంటే మన పెళ్లి, మన విడాకులు, మన వారసత్వం మన ఆచారం ప్రకారమే నడవాలి. 1996 నాటి పెసా చట్టం కూడా ఆచార సంప్రదాయాలనూ, తగాదాలు తీర్చుకునే సంప్రదాయ పద్ధతినీ కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని గుర్తించింది.

ఇది రక్షణే. కానీ దీనికి మరో వైపు ఉంది. మన ఆచారం ఏ పుస్తకంలోనూ లేదు. జడ్జిగారికి అది తెలియదు. మనం చెబితేనే తెలుస్తుంది.

దుర్గాబాయి ఆలోచన

ఇక కుటుంబ న్యాయస్థానం కథకు వద్దాం. దీని మొదట్లో ఉన్నది మన తెలుగు ఆడపడుచే. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్వయంగా న్యాయవాది, రాజ్యాంగ సభ సభ్యురాలు. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి వచ్చిన తర్వాత, మన దేశంలోనూ అలాంటివి పెట్టాలని నెహ్రూకూ, పేరున్న న్యాయమూర్తులకూ చెప్పారు. 1974లో లా కమిషన్ కూడా కుటుంబ తగాదాలను మామూలు సివిల్ కేసుల్లా చూడకూడదని సూచించింది. మహిళా సంఘాలు ఏళ్ల తరబడి అడిగాయి. చివరికి 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. దుర్గాబాయి అప్పటికి లేరు. ఆమె 1981లో కన్నుమూశారు.

ఆ చట్టంలో కొన్ని సెక్షన్లు చదివితే మనకు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. 9వ సెక్షన్ ముందుగా ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత అంటుంది. 11వ సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఎవరు కోరినా విచారణ తలుపులు మూసి జరపాలి. 13వ సెక్షన్ ఏ పక్షానికీ వకీలును పెట్టుకోవడం హక్కుగా ఉండదని చెబుతుంది. న్యాయం కోసం అవసరమనుకుంటే కోర్టే ఒక న్యాయ నిపుణుడి సాయం తీసుకోవచ్చు. 14వ సెక్షన్ తగాదా తేల్చడానికి పనికొస్తుందనుకున్న ఏ కాగితాన్నైనా, ఏ మాటనైనా సాక్ష్య చట్టం పట్టింపు లేకుండా స్వీకరించే వీలు ఇస్తుంది. 15వ సెక్షన్ సాక్షి చెప్పినదంతా పొడుగ్గా రాయనక్కర్లేదు, సారాంశం చాలంటుంది.

వకీళ్లు పక్కకు జరగాలి, ఆలుమగలు నేరుగా మాట్లాడాలి, ముందు రాజీ, తర్వాతే తీర్పు. మన పెద్దలు రావి చెట్టు కింద చేసినది ఇదే కదా. చట్టం చేసినవాళ్లు మనల్ని చూసి రాశారని చెప్పడం లేదు. కానీ ఎన్నో ఏళ్లు తిరిగి దేశం చేరిన చోటు మన తాతలకు తెలిసిన చోటే.

వకీలు లేని బరువు

రాతలో ఉన్నది వేరు, నడుస్తున్నది వేరు. చట్టం వచ్చిన కొద్ది ఏళ్లకే వకీళ్లను పూర్తిగా దూరం పెట్టడం సాధ్యం కాదని తేలింది. 1991లో బొంబాయి హైకోర్టు కూడా వకీళ్లను పూర్తిగా మినహాయించడం చట్టం ఉద్దేశం కాదని చెప్పింది. కోర్టు అనుమతి అడిగి వకీలును పెట్టుకోవడం నేడు మామూలైపోయింది. అడిగేది అనుమతే, హక్కు కాదు. ఆ తేడా మాత్రం మిగిలే ఉంది.

దీంతో అసలు చిక్కు మొదలవుతుంది. ఇద్దరూ వకీలు లేకుండా ఉంటే సమానమే. ఒకరికి వకీలు ఉండి, మరొకరు ఒంటరిగా నిలబడితే ఆ సమానత్వం పోతుంది. ఒక ఉదాహరణ అనుకుందాం. డిగ్రీ చదివిన మన చెల్లి ఒకామె తండాలో ఆచారం ప్రకారం పెళ్లి చేసుకుంది. భర్త పట్నంలో ఉద్యోగంలో చేరాక ఆమెను వదిలేశాడు. ఆమె మనోవర్తికి పిటిషన్ వేసింది. అతని వకీలు వేసిన కౌంటరులో ఒకే మాట: అసలు పెళ్లే జరగలేదు. ఆమె దగ్గర పెళ్లి పత్రిక లేదు, రిజిస్ట్రేషన్ లేదు, గుడి రసీదు లేదు. ఊరంతా చూసిన పెళ్లికి కోర్టులో ఆధారం లేదు. ఆమె ఎంత నిజం చెప్పినా, ఏ నిజం అవసరమో తెలియకపోతే లాభం లేదు. పెళ్లిలో జరిగిన తంతు ఏమిటి, ఎవరు జరిపించారు, పంచాయతీ పెద్దలు ఎవరు, ఆ ఊళ్లో ఆమెను కోడలిగా ఎన్నాళ్లు చూశారు, రేషన్ కార్డులో, పిల్లల బడి రికార్డులో ఎవరి పేరుంది. ఇవన్నీ ఆమె చెప్పాలి, చూపాలి.

మాట ధైర్యంగా చెప్పడం మన సంప్రదాయం. అవసరమైన మాట ఎంచి చెప్పడం మనం నేర్చుకోవలసిన విద్య.

ఆచారాన్ని రుజువు చేయడం

ఆ విద్య లేకపోతే ఏమవుతుందో 2001 నాటి ఒక సుప్రీంకోర్టు తీర్పు చూపిస్తుంది. భార్య ఒరావ్, భర్త సంతాల్. అతను రెండో పెళ్లి చేసుకున్నాడని ఆమె క్రిమినల్ కేసు పెట్టింది. ఇద్దరూ షెడ్యూల్డ్ తెగల వారు కాబట్టి హిందూ వివాహ చట్టం వారికి వర్తించదని కోర్టు చెప్పింది. మరి తమ తెగ ఆచారం ప్రకారం రెండో పెళ్లి చెల్లదా? చెల్లదన్న ఆచారం ఉంటే దాన్ని ఫిర్యాదులో స్పష్టంగా చెప్పి, రుజువు చేయాలని, అది జరగలేదని చెప్పి కోర్టు ఆమె కేసును కొట్టేసింది. ఆమె ఓడిపోయింది ఆచారం లేకపోవడం వల్ల అని చెప్పలేం. దాన్ని రాతలో పెట్టి రుజువు చేయకపోవడం వల్ల.

2025 జూలైలో వచ్చిన మరో తీర్పు దీనికి రెండో వైపు. ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు స్త్రీ వారసులు తమ తాత ఆస్తిలో ఆమె వాటా అడిగారు. ఆడవాళ్లకు వాటా ఇచ్చే ఆచారం ఉందని మీరు రుజువు చేయలేదంటూ కింది కోర్టులు కాదన్నాయి. సుప్రీంకోర్టు ఆ ప్రశ్ననే తిప్పింది. ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉంటే దాన్ని రుజువు చేయవలసింది కాదనేవాళ్లే అని, ఆచారం కూడా కాలంతో పాటు మారాలని చెప్పి, రాజ్యాంగం 14వ అధికరణం ప్రకారం సమాన వాటా ఇచ్చింది.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఆచారం మన కవచం. కానీ ఆడబిడ్డను వెలివేసే కత్తిగా దాన్ని వాడితే కోర్టు ఒప్పుకోదు, మనమూ ఒప్పుకోకూడదు.

ఆడబిడ్డల మాట

పంచాయతీలో తండ్రో, అన్నో చెప్పిన మాటను ఇప్పుడు ఆమే చెప్పుకునే చోటు కుటుంబ న్యాయస్థానం. భార్యకూ, పిల్లలకూ, పోషించుకోలేని తల్లిదండ్రులకూ మనోవర్తి ఇప్పించే సెక్షన్ అన్ని కులాలకూ, మతాలకూ, తెగలకూ ఒకటే. పాత చట్టంలో అది 125వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్ష సంహితలో అది 144వ సెక్షన్. ఆమె ఉంటున్న ఊరి కోర్టులోనే వేసుకోవచ్చు. కుటుంబ న్యాయస్థానం లేని చోట మేజిస్ట్రేట్ వింటారు. 2005 నాటి గృహహింస చట్టం కూడా మన ఆడవాళ్లందరికీ వర్తిస్తుంది. 2020లో సుప్రీంకోర్టు మనోవర్తి కేసుల్లో భార్యాభర్తలు ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పుల వివరాలు అఫిడవిట్‌గా ఇవ్వాలనీ, పిటిషన్ వేసిన తేదీ నుంచే మనోవర్తి లెక్కకట్టాలనీ చెప్పింది. వకీలు లేని ఆమెకు ఇవి పెద్ద ఆసరా. ఎందుకంటే భర్త జీతం ఎంతో రుజువు చేసే భారమంతా ఆమె ఒక్కదాని మీద పడదు.

కులం మాట దాటి కోర్టుకు వెళ్లిందని ఆడపిల్లను తప్పుపట్టే పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. వారికి మా మనవి ఒకటే. పంచాయతీ ఆమె మాట విని ఉంటే ఆమెకు కోర్టు దారి వెతుక్కునే అవసరం రాకపోవచ్చు.

ఒంటరిగా ఉండనక్కర్లేదు

తన మాట తాను చెప్పుకోవడం హక్కు. చేతకాక, డబ్బు లేక ఒంటరిగా మిగిలిపోవడం హక్కు కాదు. 1986లో అరుణాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఒక క్రిమినల్ కేసులో, వకీలు లేకుండా విచారించి వేసిన శిక్షను సుప్రీంకోర్టు రద్దు చేసింది. చదువురాని మనిషి తనకు ఉచిత న్యాయ సహాయం ఉందని తెలిసి అడుగుతాడని అనుకోవడం కుదరదని, జడ్జే చెప్పాలని తేల్చింది.

1987లో వచ్చి 1995 నవంబరు 9 నుంచి అమలవుతున్న న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. స్త్రీలకూ, పిల్లలకూ ఉంది. వీరికి ఆదాయ పరిమితి లేదు. కుటుంబ కేసులకూ ఇది వర్తిస్తుంది. మండల, జిల్లా స్థాయిలో న్యాయ సేవల కార్యాలయాలు కోర్టు ఆవరణల్లోనే ఉంటాయి. ఫోనులో అడగాలంటే 15100.

ఇక యువతకు మేము చెప్పదలచినవి కొన్నే.

సమన్లు వస్తే తీసుకోండి, చదవండి, తేదీ రాసుకోండి. తీసుకోకపోతే కేసు ఆగదు, మనం లేకుండా నడుస్తుంది. ఏకపక్ష డిక్రీ వచ్చినా దాన్ని రద్దు చేయమని అడిగే దారి ఉంది. అయితే గడువు 30 రోజులే, ఆలస్యం చేయకండి. కుటుంబ న్యాయస్థానం తీర్పుపై హైకోర్టుకు అప్పీలు గడువు కూడా చట్టం 30 రోజులే ఇచ్చింది.

పంచాయతీలో విడాకులు జరిగితే కాగితం రాయించండి. తేదీ, ఊరు, ఇరువైపుల సంతకాలు, పెద్దల పేర్లు, ఆడమనిషికి, పిల్లలకు ఇచ్చినదేమిటో అందులో ఉండాలి. రేపు ఎవరైనా ఆ విడాకులు జరగలేదంటే, తన వివాహ స్థితిని ప్రకటించమని కుటుంబ న్యాయస్థానాన్ని అడగడానికి ఆ కాగితం ఆధారమవుతుంది. పెళ్లిళ్లను రిజిస్టరు చేయించండి. మన తంతు మన పద్ధతిలోనే జరగనివ్వండి, నమోదు మాత్రం మానవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆచారాలను రాసి పెట్టడం. మన సంఘం లాంటి సంఘాలు ఏటా పండుగలు చేస్తాయి, పాటలు పాడిస్తాయి, పెద్దలను సన్మానిస్తాయి. అదే వేదిక మీద ప్రతి ఊరి పెద్దలనూ కూర్చోబెట్టి, మన పెళ్లి ఎలా జరుగుతుంది, విడాకులకు నియమం ఏమిటి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి అన్నవి వారి నోటితో చెప్పించి, ఆడవాళ్ల మాటనూ కలిపి రాసుకుందాం. లా చదువుతున్న మన పిల్లలు ఆ పని ముందుండి నడిపించాలి. కోయ, గోండి, గోర్‌బోలి, సవర, కువి భాషల్లో మాట్లాడే అమ్మకు వాయిదా రోజున పక్కన నిలబడి జడ్జిగారి ప్రశ్నను ఆమె భాషలో చెప్పడానికి అనుమతి అడగగల యువకుడో, యువతో ప్రతి మండలంలో ఒకరు తయారు కావాలి.

1879లో మన కొండల మనిషి కోర్టు మెట్ల దాకా రాలేకపోయాడు. 1984 చట్టం ఆ మెట్ల దగ్గర, నీ మాట నువ్వే చెప్పు అని రాసి పెట్టింది. ఏం చెప్పాలో తెలుసుకుని వెళ్లడం ఇక మన చేతుల్లో ఉంది.